బీరువాలో దాచుకున్న బిందువు

నెల్లూరు నుంచి ఒక టీచర్ గారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి, ఉత్తరం సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. పుట్టిల్లు కావలి దగ్గర పల్లెటూరు. భర్త ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేస్తారు. ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో గడిపి, పోయిన మాఘంలో సొంతింటి గృహప్రవేశం చేసుకున్నారు. పదిహేనేళ్ల కిందట ట్రైనింగ్ కోసం ఢిల్లీ వెళ్లినప్పుడు ఆమె జైపూర్ హౌస్‌లోని మోడరన్ ఆర్ట్ గ్యాలరీ చూశారు. అక్కడ చిత్రకారుడు ఎస్.హెచ్. రజా వేసిన బొమ్మ ముందు ఆగిపోయారు. "ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తోటి టీచర్లు వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు. నల్లటి గుండ్రం, చుట్టూ చతురస్రాలు. లెక్కలు నన్ను చూస్తున్నట్టు అనిపించింది" అని రాశారు. ఆ తర్వాత ఎవరింట్లోనో ఒక క్యాలెండర్‌లో రజా బిందువు, అంటే ఆ నల్లటి గుండ్రం, కనిపిస్తే ఏడాది అయిపోయేదాకా ఆగి ఆ కాగితం అడిగి తెచ్చుకున్నారు. పైన మేకు చిల్లు, కింద చింపిన తేదీల అంచు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పట్టుచీరల కింద దాచుకున్నారు. సొంతిల్లు కట్టుకుంటే హాల్లో రజా బొమ్మ పెట్టుకోవాలని అప్పటి నుంచీ కల.

ఇప్పుడు ఇల్లు వచ్చింది. చిక్కులూ వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒక వ్యాపారి రజా గీసిన అసలు బొమ్మ ఉందన్నాడు. కాన్వాస్ మీద, సంతకంతో, సర్టిఫికెట్‌తో సహా 6 లక్షలకు ఇస్తానన్నాడు. "ఇంకో పార్టీ కూడా అడుగుతున్నారు మేడం, నెలాఖరు దాకే ఆపగలను" అన్నాడు. ఆమె చీటీ పాడిన డబ్బులో 50,000 ఫోన్‌లోనే అడ్వాన్సు పంపేశారు. మిగిలినదానికి మెడలో గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నారు. భర్తకు చెప్పలేదు. రొయ్య ధర పడిపోయి ఆయన ఇప్పటికే నలిగిపోతున్నారు. ఎప్పుడో మాటవరసకు బొమ్మ సంగతి ఎత్తితే "ముందు ఫీడు బాకీ తీరనీవే" అన్నారట.

అత్తగారికి క్యాలెండర్ కాగితం చూపిస్తే "ఏందమ్మా ఇది, గ్రహణం పట్టినట్టుంది! పిల్ల పురిటికొచ్చే ఇంట్లో ఇదా పెట్టేది?" అన్నారు. కూతురికి ఇప్పుడు ఆరో నెల. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడేమో "ప్రింటు పెట్టుకుంటే డూప్లికేట్ నగ వేసుకున్నట్టే" అంది. ఉత్తరం చివర ఆమె అడిగింది ఇదీ: "నాలాంటిదానికి ఇలాంటి కోరిక ఉండటమే తప్పా? ఆ బొమ్మ కొనాలా, మానాలా? కొనలేకపోతే ప్రింటు పెట్టుకోవడం సిగ్గుచేటా?"

టీచర్ గారూ,

మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. తప్పు కాదు. ఒక బొమ్మ ముందు నిలబడిపోయి, పదిహేనేళ్లు దాన్ని మరిచిపోలేకపోవడం చాలామందికి దక్కని సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ క్యాలెండర్ కాగితం. దాని గురించి చివర్లో మాట్లాడతాను. ముందు తొందరగా తేల్చాల్సింది ఆ అడ్వాన్సు విషయం.

ఆ 6 లక్షల బొమ్మ రజాది అని నేను అనుకోను. నేను దాన్ని చూడలేదు నిజమే, కానీ ఆ లెక్క కుదరదు. 'జెస్టేషన్' అని రజా 1989లో వేసిన బొమ్మ ఒకటి 2023లో ముంబై వేలంలో 51 కోట్ల రూపాయలకు పైగా పలికింది. అన్నీ అంత పలకవు. చిన్నవి, కాగితం మీద వేసినవి చాలా తక్కువకే వస్తాయి. అయినా సంతకం ఉన్న కాన్వాస్ బొమ్మ చేతిలో ఉన్నవాడు దాన్ని పేరున్న వేలం సంస్థకు ఇచ్చుకోకుండా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక లెక్కల టీచర్‌కి 6 లక్షలకు, అదీ నెలాఖరు గడువు పెట్టి ఎందుకు అమ్ముతాడు? బడిలో పిల్లవాడు ఇలాంటి జవాబు రాసుకొస్తే మీరు దాని పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి ఉండేవారు.

రజా బొమ్మలకు నకిలీల బెడద ఆయన బతికుండగానే వచ్చింది. 2009లో ఢిల్లీలో ఒక గ్యాలరీ వాళ్లు రజా తొలినాళ్ల బొమ్మలంటూ ప్రదర్శన పెట్టి, ఆయన్నే పిలిచారు. 86 ఏళ్ల పెద్దాయన వచ్చి గోడల మీద బొమ్మలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లి, ఇవి నేను వేసినవి కావన్నారు. ప్రదర్శన మూసేశారు. గ్యాలరీలు నడిపేవాళ్లే బోల్తాపడ్డ చోట మీరు మోసపోతే అది మీ తెలివితక్కువతనం కాదు. మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ రోజులు పోగొట్టుకోవద్దు. ఇక్కడ రోజులకు విలువుంది.

సర్టిఫికెట్ ఉందని మీకు ధైర్యంగా ఉన్నట్టుంది. కాగితం ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఎవరిచ్చారు, ఏ హక్కుతో ఇచ్చారు అన్నదే చూడాలి. అసలు బొమ్మకు ఒక చరిత్ర ఉంటుంది. చిత్రకారుడి దగ్గర మొదట కొన్నదెవరు, ఆ రసీదు ఏది, తర్వాత ఎవరి చేతికి వచ్చింది, ఏ ప్రదర్శనలో పెట్టారు, ఏ పుస్తకంలో అచ్చయింది అనేది వరసగా చెప్పగలగాలి. భూమి కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడగమా? ఇదీ అంతే. లింకు ఎక్కడ తెగినా ఆగిపోవాలి.

కాబట్టి ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అతనికి వాట్సాప్‌లో, మాటల్లో కాదు రాతలోనే, ఈ కాగితాలన్నీ అడగండి. మీ తరఫున తెలిసినవాళ్లు బొమ్మను చూసేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వనని, కాగితాలు లేకపోతే అడ్వాన్సు తిప్పి పంపమని రాయండి. నిజాయితీపరుడైతే కోప్పడడు, కాగితాలు పంపుతాడు. కోప్పడినా, కొత్త గడువు పెట్టినా, "సగం పంపితే కొరియర్ చేస్తా" అన్నా మీకు విషయం తెలిసిపోతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి, డబ్బు పంపిన వివరాలు, ఛాటింగ్ ఫోటోలు ఇవ్వండి. మీ బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. యాభై వేలూ వెనక్కి వస్తాయని మాటివ్వలేను. రాకపోవచ్చు కూడా. కానీ ఆ యాభై వేలు వదులుకోలేక గొలుసు తాకట్టు పెట్టి ఇంకో అయిదున్నర లక్షలు పోస్తే, అది ఈ ఇంటికి తగిలే రెండో దెబ్బ అవుతుంది.

ఇక మీ ఆయన. ఇది రాసేటప్పుడు మీ చేతిరాత కూడా మారింది. అక్షరాలు చిన్నవైపోయాయి.

చెప్పకుండా ఉండిపోవడం ఒక దారి. చీటీ మీ జీతంలోంచి కట్టుకున్నదే కదా, ఎవరికి లెక్క చెప్పాలి అని మీరు అనుకోవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. ఇరవై ఏళ్లు జీతం ఇంట్లో పోసిన మనిషికి తన కోసం ఖర్చు పెట్టుకునే హక్కు లేదని నేను అనను. కానీ పోలీసు స్టేషన్ నుంచో బ్యాంకు నుంచో ఇంటికి ఒక ఫోన్ వస్తే, అప్పుడు మీ ఆయనకు యాభై వేలు పోవడం కంటే, పరాయివాళ్ల నోటివెంట వినాల్సి రావడమే ఎక్కువ బాధ అవుతుంది. డబ్బు తిరిగొచ్చాక చెబుదామనుకోవడం రెండో దారి. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు కోసం మీరు రోజూ ఆయన ముందు మామూలుగా నటించాలి. పురిటికి కూతురు వచ్చేవేళకి మీకు నిద్ర ఉండదు. ఇప్పుడే చెప్పడం మూడో దారి. కోపం వస్తుంది. ఒకటి రెండు రోజులు మాటలుండవు. రొయ్యల ధరలతో సతమతమవుతున్న మనిషి కాబట్టి మాట తూలవచ్చు కూడా. ఈ మూడింట్లో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం, ఆయన స్వభావం తెలిసింది మీకు. నాకైతే మూడోదాంట్లోనే మీకు తోడు దొరుకుతుందనిపిస్తోంది. సీజన్‌కి సీజన్ ఫీడు కంపెనీలతో, కొనుగోలుదారులతో బేరమాడే మనిషి ఆయన. అడ్వాన్సు ఎగ్గొట్టేవాడితో ఎలా మాట్లాడాలో మీకన్నా ఆయనకే బాగా తెలిసి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. చెప్పేటప్పుడు "పిచ్చిపని చేశాను" అని మొదలుపెట్టొద్దు. అలా మొదలుపెడితే ఆ యాభై వేలతో పాటు మీ కోరిక కూడా పిచ్చిలో కలిసిపోతుంది. పొరపాటు జరిగింది కొన్న తీరులో. కోరుకోవడంలో లేదు. ఆ రెంటినీ విడదీసి చెప్పండి.

ప్రింటు సంగతికి వస్తాను. డూప్లికేట్ నగ అన్న మాట మిమ్మల్ని బాగా గుచ్చినట్టుంది, ఉత్తరంలో మూడుచోట్ల రాశారు. అందుకే కాస్త ఎక్కువగానే రాస్తున్నాను.

మీ అత్తగారి పూజగదిలో లక్ష్మీదేవి పటం ఉండే ఉంటుంది. అది ప్రింటే. రాజా రవివర్మ తాను వేసిన దేవతల బొమ్మలు అందరిళ్లకూ చేరాలని 1894లో బొంబాయిలో సొంతంగా ప్రెస్సు పెట్టి అచ్చు వేయించారు. తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మి, వీణ పట్టుకున్న సరస్వతి మన ఇళ్లలోకి వచ్చిన దారుల్లో అదొక పెద్ద దారి. ఆ పటానికి దండం పెట్టుకునేటప్పుడు ఇది డూప్లికేట్ అని ఎవరైనా అనుకున్నారా? డచ్ చిత్రకారుడు వాన్ గో సంగతి చూడండి. చేతిలో డబ్బులేని రోజుల్లో, 1885లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఉన్నప్పుడు చవకగా దొరికే జపాన్ అచ్చుబొమ్మలు కొని గదిలో గోడలకు గుచ్చుకున్నాడు. వాటిని చూసి చూసి తన గీతనే మార్చుకున్నాడు. ఆయన చేసిన పనే కదా మీరూ చేద్దామనుకుంటున్నది.

ప్రింటును ప్రింటు అని చెప్పుకున్నంతకాలం అందులో సిగ్గు లేదు. ప్రింటుకు దొంగ సంతకం పెట్టి అసలుదని చెబితే అప్పుడు అది నకిలీ. ఎవరైనా అడిగితే "రజా గారి బొమ్మకు ప్రింటండీ, అసలు కొనే స్తోమత నాకు లేదు, చూడకుండా ఉండలేను" అని చెప్పండి. నేను ఒంగోల్లో ఉన్నప్పుడు మా ఇంట్లో అలాగే చెప్పేదాన్ని. రెండో మాట అడిగినవాళ్లు లేరు. ఆ బొమ్మ ఏమిటని అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు.

అయితే ప్రింట్లలోనూ తేడాలున్నాయి. అవి తెలియకపోతే ఇంకో వ్యాపారి చేతిలో పడతారు. చిత్రకారుడే రాగిరేకు మీదో, స్క్రీన్ మీదో తయారుచేసి, ఇన్నే కాపీలని లెక్క కట్టి అచ్చు తీసి, ఒక్కోదాని కింద పెన్సిల్‌తో సంతకం చేస్తే అది కూడా అసలు కళాఖండమే. కింద మూల 12/75 అని ఉంటే మొత్తం 75లో ఇది పన్నెండోది అని అర్థం. ఈ విద్యలో ప్రపంచమంతా గౌరవించిన మనిషి మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టినవాడే, ఎన్. కృష్ణారెడ్డి. 1925లో పుట్టి, ప్యారిస్ వెళ్లి, ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగులు పూసి ఒక్క ఒత్తుడుతో అన్ని రంగులూ అచ్చువేసే పద్ధతిని రూపుదిద్దినవాళ్లలో ముఖ్యుడయ్యాడు. 2018లో న్యూయార్క్‌లో పోయాడు. రజాకు కూడా ఇలా సంతకం చేసి, నంబరు వేసిన స్క్రీన్ ప్రింట్లు ఉన్నాయి. కోట్లు కావు, అలాగని చవకా కావు. దానికి కూడా రసీదు, చరిత్ర అడగాల్సిందే. రొయ్యల ధర కోలుకున్నాక, ఇద్దరూ కలిసి అనుకుని, పేరున్న గ్యాలరీకి స్వయంగా వెళ్లి కొనుక్కునే దారి అది. ఈ ఏడాది పని మాత్రం కాదు.

లెక్క లేకుండా ఎన్నైనా తీసే పోస్టర్లు, కాన్వాస్ ప్రింట్లు ఇంకో రకం. ఇక్కడ చట్టం మాట ఒకటుంది. మన దేశంలో చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా బొమ్మ మీద హక్కులు ఆయన వారసులవి. రజా 2016లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకు 2076 చివరిదాకా హక్కులుంటాయి. గూగుల్లో ఫోటో దింపి మీ వీధి చివర ఫ్లెక్సీ షాపులో కొట్టించుకోవడం సరికాదు. హక్కు ఉన్నవాళ్లు వేయించిన పోస్టరో, ప్రదర్శన పుస్తకమో కొనుక్కోండి. పాతకాలం చిత్రకారులతో ఈ చిక్కు లేదు. 1890లో పోయిన వాన్ గో, 1941లో పోయిన అమృతా షేర్‌గిల్, 1944లో పోయిన మాండ్రియన్, కాండిన్‌స్కీ వేసిన బొమ్మలు అందరి సొత్తు అయిపోయాయి. చాలా మ్యూజియంలు అలాంటి బొమ్మల పెద్ద ఫోటోలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఇస్తున్నాయి.

మీ సంగతి చదువుతుంటే నాకు కాండిన్‌స్కీ బొమ్మ ఒకటి పదేపదే గుర్తొచ్చింది. 1913లో వేసింది, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. పన్నెండు గళ్లు, గడికొక్కటి చొప్పున ఒకదానిలో ఒకటి ఇమిడిన రంగుల వలయాలు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉంటే ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి కాగితం మీద వేసుకున్న అభ్యాసం అది. చతురస్రం, వృత్తం, మధ్యలో చుక్క. రజా బిందువుకి దూరపు చుట్టంలా ఉంటుంది. జనం దాన్ని సోఫా అంత కాన్వాస్‌గా కొట్టిస్తారు గానీ, అసలు బొమ్మ వెడల్పు 32 సెంటీమీటర్లు కూడా ఉండదు. మీరు పరీక్ష పేపర్లు తీసే ఏ4 కాగితం కన్నా కొద్దిగా పెద్దది. అంటే మీరు అసలు సైజులోనే, ఏ మార్పూ లేకుండా, గోడ మీద పెట్టుకోవచ్చు. ఆ కాండిన్‌స్కీ కూడా లా చదివి, 30 ఏళ్ల వయసులో ఆ ఉద్యోగం వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లిన మనిషి.

ఇది రజాకు బదులు పెట్టుకోమని చెప్పడం లేదు. మీ మనసు రజా మీద ఉందని తెలుసు. హాల్లో ఏం పెట్టాలనేదానికి మీ అత్తగారి మాట కూడా ఉంది కదా, అందుకని చెబుతున్నాను.

ఆవిడ మాటను మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. మనవరాలికి ఆరో నెల. ఆ వయసు మనిషికి నల్లటి గుండ్రం చూడగానే గ్రహణమే గుర్తొస్తుంది, కడుపుతో ఉన్న పిల్ల గుర్తొస్తుంది. అది పిల్ల మీద ప్రేమ. మీరు రజా గురించి ఆవిడకు చెప్పొచ్చు. మధ్యప్రదేశ్‌లో మండ్లా అడవుల వైపు పల్లెలో చదువుకునేటప్పుడు ఆయనకు మనసు నిలిచేది కాదట. టీచర్ బడి గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. ఆ చుక్క ఆయనతో ప్యారిస్ దాకా వెళ్లింది. దశాబ్దాల తర్వాత, 1970ల చివర్లో, అది బిందువై ఆయన కాన్వాస్‌ల నడిమధ్యకు వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని బీజం అన్నారు, మొలకెత్తబోయే విత్తనం. 51 కోట్లు పలికిందన్నానే 'జెస్టేషన్', ఆ మాటకు అర్థం గర్భధారణ. మీ అత్తగారు గ్రహణం చూసిన చోట ఆయన కడుపులో బిడ్డను చూశారు.

ఇదంతా చెప్పాక కూడా ఆవిడ వద్దంటే వద్దు. ఈ అయిదారు నెలలు హాల్లో పెట్టొద్దు. పెట్టి, దేవుడి దయవల్ల అంతా బాగున్నా, పిల్లకు జలుబు చేసినా ఆ గోడ వైపే చూస్తారు. మీరు బొమ్మను చూసే చూపులో కూడా ఆ భయం చేరుతుంది. పదిహేనేళ్లు ఆగిన మీకు ఇంకో ఆరు నెలలు పెద్ద లెక్క కాదు. లేదంటే మీరు పేపర్లు దిద్దుకునే గదిలో, మీ బల్ల ఎదురుగా పెట్టుకోండి. నిజానికి హాలు కన్నా అదే దానికి మంచి చోటు కావచ్చు. హాల్లో బొమ్మను వచ్చిపోయేవాళ్లు చూస్తారు. ఆ గదిలో అయితే మీరు చూస్తారు. మీకు ఏది కావాలో ఒకసారి ఆలోచించుకోండి. వచ్చినవాళ్లు చూడాలని ఉన్నా తప్పేమీ లేదు. కానీ ఆ 6 లక్షల ఆశలో కొంత "అసలుదేనా?" అని అడిగేవాళ్ల కోసం పుట్టిందేమోనని నాకు అనిపించింది. జైపూర్ హౌస్‌లో మీరు నిలబడ్డప్పుడు దాని ధర మీకు తెలియదు కదా.

పురిటి గది కోసం ఒక మాట. వాన్ గోకి 1890 జనవరి 31న తమ్ముడి కొడుకు పుట్టాడు. తన పేరే పెట్టారు. ఆయన అప్పుడు మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఆ పసివాడి కోసం నీలాకాశం మీద తెల్లగా పూసిన బాదంకొమ్మలు వేసి పంపాడు. ఆ జూలైలో ఆయన పోయాడు, ఆర్నెల్లకు తమ్ముడూ పోయాడు. తమ్ముడి భార్య ఆ బొమ్మను అమ్మకుండా అట్టిపెట్టుకుంది. పసివాడు పెరిగి ఇంజనీరయ్యాడు, అవన్నీ అందరూ చూడాలని పూనుకున్నాడు, 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం వచ్చింది. బాదంపూల బొమ్మ ఇప్పుడు అక్కడే ఉంది. రెండున్నర అడుగులు, మూడడుగులు ఉంటుంది. దాన్ని మీ అత్తగారికి చూపించి చూడండి. పూలకొమ్మ వద్దనరు. ఇంట్లోకి ముందు అది వస్తే, దాని వెనకాల బిందువుకి దారి తేలికవుతుంది.

ఇక ఊళ్లో చేయించుకునేటప్పుడు పాటించాల్సినవి. మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే చెబుతాను. మూడడుగుల వెడల్పు అంటే 36 అంగుళాలు. దగ్గర్నుంచి చూసినా చెదరకుండా ఉండాలంటే అంగుళానికి కనీసం 150 చుక్కలు పడాలి, అంటే అడ్డంగా 5,400. వాట్సాప్‌లో వచ్చిన 1,600 చుక్కల ఫోటో ఇస్తే అంగుళానికి 44 పడతాయి, బొమ్మ మసకేస్తుంది. మ్యూజియం వెబ్‌సైట్ నుంచి పెద్ద ఫైలు దింపుకోండి. షాపులో 'పిగ్మెంట్ ఇంకు' ఉందా అని అడగండి, మామూలు ఇంకు త్వరగా వెలిసిపోతుంది. ఫ్లెక్సీ మీద వద్దు.

ఎండ విషయంలో జాగ్రత్త. మా ఇంట్లో ఆ బాదంపూలే పడమటి కిటికీ ఎదురుగా తగిలించాను. రెండు వేసవులకే నీలం కాస్తా బూడిదరంగుకి తిరిగింది. ఫ్రేము అంచు కింద దాగిన వేలెడు మేర మాత్రం నీలం అలాగే ఉంది. విప్పి చూసినప్పుడు ఏడుపొచ్చింది. ఇది ప్రింట్లకే కాదు. మార్క్ రాత్కో అనే చిత్రకారుడు అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ భోజనశాల కోసం పెద్ద పెద్ద ఎర్రటి బొమ్మలు వేస్తే, 1964లో వాటిని అద్దాల గోడలున్న గదిలో పెట్టారు. ఎరుపు పాలిపోయి లేత నీలంగా మారింది. 1979 నాటికి దించేశారు. 2014లో వాటి మీద ప్రొజెక్టర్‌తో సరిగ్గా తగ్గిన రంగు వెలుతురునే వేసి, పాత రూపం చూపించారు. సాయంత్రం వెలుతురు ఆపగానే బొమ్మలు మళ్లీ పాలిపోయేవి. మీరు ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి.

కొత్త ఇల్లు కాబట్టి గోడలింకా పూర్తిగా ఆరి ఉండవు. మన నెల్లూరుకి అసలు వానలు ఆశ్వయుజం, కార్తీకాల్లోనే. ఆ ముసురు దాటేదాకా బయటి గోడకు ఏదీ తగిలించకండి, లోపలి గోడ మేలు. ఫ్రేము కట్టేవాళ్లతో అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు, అంటే మందపాటి అట్ట, పెట్టించండి, లేకపోతే ఉక్కకి కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది, బూజు పట్టదు. బొమ్మ నడుము మన కంటికి ఎదురుగా, నేల నుంచి అయిదడుగులకు కొంచెం తక్కువలో ఉంటే బాగుంటుంది. మన ఇళ్లలో దేవుడి పటాల అలవాటు కొద్దీ అన్నీ సీలింగుకు దగ్గరగా కొడతారు.

ఇంకో దారి కూడా ఉంది. ఫైన్ ఆర్ట్స్ చదువుకుని, ఇప్పుడిప్పుడే వేస్తున్న మన పిల్లలు విశాఖలో, హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్ల అసలు బొమ్మ ఒకటి, మీరు అడ్వాన్సుగా పంపిన డబ్బులో సగానికో పావుకో రావచ్చు. అది రజా కాదు. కానీ వేసిన చెయ్యి మీ ఎదురుగా ఉంటుంది, ఎందుకిలా వేశావని అడగొచ్చు, నకిలీ అన్న మాటే రాదు.

క్యాలెండర్ కాగితం దగ్గరికి వస్తాను. దాన్ని చీరల కింద నుంచి తీయండి. మేకు చిల్లు, చింపిన అంచు కత్తిరించొద్దు. వాటితో సహా, చుట్టూ మూడు అంగుళాల తెల్ల మౌంట్ బోర్డు వదిలి ఫ్రేము కట్టించండి. వందల్లో అయిపోయే పని. కొత్తగా అచ్చు వేయించడం లేదు కాబట్టి చట్టానికీ ఇబ్బంది లేదు. అయితే ఫ్రేము షాపుకి వెళ్లేముందు, మీ ఆయనకు యాభై వేల సంగతి చెప్పే రోజున దాన్ని ఆయన చేతిలో పెట్టండి. "దీని కోసం" అని చెప్పండి. మీ ఉత్తరం ప్రకారం, ఇన్నేళ్లలో ఆయన దాన్ని ఒక్కసారీ చూడలేదు. మీరు చూపించలేదు.

మీరు పేపర్లు దిద్దుకునే గది గోడ కొలతలు, కిటికీ ఏ వైపు ఉందో రాయలేదు. అవి రాసి పంపండి. ఏ సైజు ఫ్రేము సరిపోతుందో చెబుతాను. దానికన్నా ముందు, అతనికి పంపిన మెసేజ్‌కి జవాబు ఏమొచ్చిందో రాయండి.